పిలిచినోడే పెట్టాలె

చిన్నాయన ఇక లేడన్న కబురు వచ్చినప్పుడు నేను నిజాంపేట హాస్టల్లో టిఫిన్ కోసం ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఫోన్లో చిన్నమ్మ గొంతు ఏడుస్తున్నట్టు లేదు. పెట్టినచోట వస్తువు కనబడకపోతే మాట్లాడినట్టుంది.

"బిడ్డా, మీ చిన్నాయన పోయిండు. గా ఎర్ర డ్రెస్సు ఉతికి తీగ మీద ఆరేసిండు. లోపలికొచ్చి, జర నీళ్లియ్యి అన్నడు. నేను నీళ్లు తెచ్చేసరికి..."

దవాఖానకు తీసుకెళ్లారు. గుండె అన్నారు. అంతకంటే చెప్పడానికి అక్కడా ఏమీ లేదు.

ఆ ఎర్ర డ్రెస్సు సంగతి చెప్పకపోతే మా చిన్నాయన మీకు అర్థం కాడు. అది శాంటా క్లాజ్ వేషం. మా నాన్నకు తమ్ముడైన ఈయన నానక్‌రామ్‌గూడలోని ఒక ఐటీ కంపెనీలో అడ్మిన్ పని చూసేవాడు. కుర్చీ విరిగినా, ఏసీలోంచి నీళ్లు కారినా, లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నా మోగేది ఆయన ఫోనే. ఏటా డిసెంబర్లో ఆఫీసు క్రిస్మస్ పార్టీ జరిపించడమూ ఆయన పనే. కంపెనీ మొదట్లో కొన్న ఆ వేషంలో చెమటలు కక్కడానికి ఉద్యోగులెవరూ ఒప్పుకోకపోవడంతో ఆయనే తొడుక్కున్నాడు. అప్పట్నుంచి ఆయనే శాంటా. గడ్డం ఊడిపోతే చిన్నమ్మ పత్తితో కొత్తది కుట్టింది. ఆ శాంటా ఇంగ్లిష్ మాట్లాడడు. గంట మోగిస్తూ వచ్చి, "ఏం పోరగాండ్లు, మంచిగున్నరా? తిన్నరా?" అని అడుగుతాడు.

చిన్నమ్మ ఎప్పుడూ దెప్పేది. "దసరకు ఇంటి గుమ్మానికి మామిడాకులు గట్టమంటే నడుం నొస్తదంటడు. ఆఫీసుల మాత్రం నిచ్చెనెక్కి నక్షత్రాలు గట్టొస్తడు. గది నీ పండగనా?"

"పండగ ఎవలదైతేంది? తినేటోళ్లు మనోళ్లే గద" అనేవాడు ఆయన.

ఆయన్ని తలుచుకుని నాలుగు మంచిమాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ కలం పట్టుకున్నప్పటి నుంచీ కోపమే వస్తోంది. దాన్ని దాచి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు. ఎందుకంటే ఆయన ఆఖరి ఏళ్లన్నీ ఒకే ఒక్క ప్రశ్నతో గడిచాయి. పార్టీకి పిలిచేది కంపెనీ అయితే, పెట్టాల్సింది ఎవరు?

ఆదివారాలు నేను హఫీజ్‌పేటలోని వాళ్లింటికి వెళ్లేదాన్ని. అది రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే, రెండో అంతస్తులో చిన్న ఇల్లు. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడిగేవాడు. "ఈ వారం కొత్త మాట ఏంది?" తెలుగు డిగ్రీలో చేరినప్పటి నుంచీ నాకు మాటల పిచ్చి పట్టిందని ఆయనకు తెలుసు. ఒకసారి 'ఆతిథ్యం' అన్నాను. అతిథికి చేసే మర్యాద అని అర్థం చెప్పాను. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అడిగాడు.

"గంత పెద్ద మాటనా? మా అమ్మ 'బువ్వ తిని పో' అంటుండె. గదే గద?"

అదే. మా సారు అరగంట చెప్పింది ఆయన ఒక ముక్కలో చెప్పాడు. ఆ తర్వాత మరో మాట కూడా అన్నాడు. నేను ఆ రోజు నవ్వేశాను గానీ ఇప్పుడు నాకు నిద్రలోనూ అదే వినిపిస్తోంది. "పిలిచినోడే పెట్టాలె. పెట్టే ఉద్దేశం లేకపోతే పిలువొద్దు."

ఆయన చేరిన కొత్తలో కంపెనీయే పెట్టేది. కేకు, బిర్యానీ, పిల్లలకు బొమ్మలు. కుటుంబాలను కూడా రమ్మనేవారు. చిన్నప్పుడు ఒకసారి నేనూ వెళ్లాను. అద్దాల మేడలో, పత్తి మంచు అతికించిన ప్లాస్టిక్ చెట్టు కింద, ఎర్ర వేషంలో ఉన్న మా చిన్నాయన నన్ను ఎరగనట్టు నటించి, "ఈ పిల్ల ఎవలు? మంచిగ సదువుకుంటదా?" అని అందరి ముందూ అడిగి చాక్లెట్ ఇచ్చాడు. భోజనాలప్పుడు శాంటా కనిపించలేదు. వెతికితే వంటపాత్రల వెనుక చొక్కా జేబులో సెల్లోటేపు, పిన్నీసులతో నిలబడి, ఎవరి ప్లేటు ఖాళీగా ఉందో చూస్తున్నాడు. ఏ పార్టీలోనైనా ఆయన చివరనే తినేవాడు. ఒక్కోసారి తినడానికి ఏమీ మిగిలేది కాదు. ఇంటికొచ్చి పెరుగన్నం తినేవాడు.

తర్వాత కంపెనీ హాలు, కేకు మాత్రమే ఇస్తామంది. భోజనం ఉద్యోగులే చూసుకోవాలంది. ఆ తర్వాత కేకు కూడా పోయింది. 'మనమంతా ఒక కుటుంబం, ఈ వేడుక మనందరిదీ, స్వచ్ఛందంగా పాల్గొనండి' అని మెయిల్ వచ్చింది. ఆ స్వచ్ఛందాన్ని వసూలు చేసే బాధ్యత మా చిన్నాయనకు పడింది. క్యూఆర్ కోడ్ అచ్చువేసిన అట్టముక్క పట్టుకుని ఒక్కో టేబుల్ దగ్గరికి తిరిగేవాడు.

"అడుక్కున్నట్టు ఉంటది బిడ్డా" అన్నాడు ఒక ఆదివారం. "ఒకడు మెనూ ఏందంటడు. ఇంకొకడు, కంపెనీకి లాభాలొచ్చినయని మెయిల్ చదివిన, మళ్ల నా జేబుల చెయ్యెందుకంటడు. ఆ పోరడు అడిగింది కరెక్టే. నేనేం జెప్పాలె?"

ఉద్యోగులను తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. అక్కడ టెస్టింగ్ పని చేసే శ్రావణ్ అనే అబ్బాయి చిన్నాయనకు బాగా దగ్గర. ఇంటికి కూడా వచ్చేవాడు. అతను చెప్పాడు. "అమెరికా వాళ్లకు క్రిస్మస్ సెలవులు, వాళ్ల సెలవులకు మాకు డబుల్ పని. ఆ ఒక్క మధ్యాహ్నం కంపెనీ మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెడితే, ఏడాదంతా మమ్మల్ని ఎవరో చూశారనిపిస్తుంది. కేకు రుచి కాదు, అదీ విషయం." డబ్బు కట్టాక అతనికే మరోలా అనిపించిందట. కట్టినవాడు అతిథి కాదు, కొనుక్కున్నవాడు. కొనుక్కున్నవాడు ముక్క చిన్నగా ఉందని చూస్తాడు. కట్టనివాడు తింటున్నాడేమోనని పక్కకు చూస్తాడు.

అలా చూడడం మొదలయ్యాక చేతికి కాగితపు టాగులు వచ్చాయి. కట్టినవారికి ఆకుపచ్చ టాగు. అది ఉంటేనే ప్లేటు.

ఆ అంతస్తు ఊడ్చి తుడిచే సుగుణక్క నిజంగా క్రిస్మస్ చేసుకునే మనిషి. ఇరవై ఐదున తెల్లవారకముందే చర్చిలో ఉంటుంది. కానీ ఆమె కాంట్రాక్టు మనిషి. కంపెనీ లెక్కలో లేదు, అందుకని పిలుపులో లేదు, అందుకని ఆమెకు టాగూ లేదు. పార్టీ అయ్యాక పత్తి మంచు ఏరేది మాత్రం ఆమే. దీన్ని ఆమె 'ఆఫీసు క్రిస్మస్' అనేది. "మాది ఏసయ్య క్రిస్మస్ సార్. ఇది మీ సారోళ్ల క్రిస్మస్" అని చిన్నాయనను ఆటపట్టించేది.

ఒక ఏడాది చిన్నాయన ఆమెను కూర్చోబెట్టి ప్లేటు చేతికిచ్చాడు. వరుసలో ఉన్న ఒకాయన, "ఆమె టాగ్ ఏదండీ?" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదని శ్రావణ్ అంటాడు. డబ్బు కట్టాడు, నియమం అడిగాడు, అంతే. చిన్నాయన గడ్డం, టోపీతోనే ఉన్నాడు. తన చేతికున్న టాగు జాగ్రత్తగా విప్పి సుగుణక్క మణికట్టుకు చుట్టి, జేబులోంచి సెల్లోటేపు తీసి అతికించాడు.

"ఇగో, ఉంది గద సార్" అన్నాడు.

"మరి మీరో?"

"నేను ఉత్తర ధ్రువం నుంచి తినే వచ్చిన."

అందరూ నవ్వారు. శాంటా ఆ రోజు టాగు లేదు కాబట్టి ముద్ద కూడా తినలేదు. ఇంటికొచ్చాక చిన్నమ్మ కోప్పడింది. "నీకన్న తిండి పెట్టరా ఆ మేడల?" పెరుగన్నం కలుపుకుంటూ ఆయన అన్న మాటలు నాకు గుర్తున్నాయి. "నవ్విండ్రు. నవ్వితే ఐపోయిందనుకుంటరు. వచ్చే ఏడు గూడ టాగులే."

ఆయన హాస్యానికి నేనూ చాలాసార్లు నవ్వాను. ఆ నవ్వుల కింద ఎంత విసుగు ఉండేదో ఆ రాత్రి అన్నం కలిపే చేతిలో చూశాను. ఏటా దీపావళి కాగానే పైవాళ్లను కలిసి, "ఈసారన్న కంపెనీ పెట్టాలె సార్, అందరికి, ఊడ్చేటోళ్లకు గూడ" అని అడిగేవాడు. వచ్చే ఏడాది చూద్దాం అనేవారు. ఈ ఏడాదీ అడిగాడు. ఈసారి ఆశ్చర్యంగా సరే అన్నారట. ఎవరో కొత్త పెద్ద మేనేజర్ వచ్చాడట. భోజనం కంపెనీదే, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అంతా కూర్చోవచ్చు అన్నాడట. ఆ ఆదివారం నేను గుమ్మంలోకి రాగానే కొత్త మాట అడగలేదు. ఆయనే చెప్పాడు.

"ఒప్పుకున్నరు బిడ్డా! ఇగ అట్టముక్క లేదు, టాగు లేదు. సుగుణను ముందు వరుసల కూసోబెడతా."

అందుకే ఆ పొద్దున అంత త్వరగా డ్రెస్సు ఉతికి ఆరేశాడు.

అంత్యక్రియల దగ్గరికి కంపెనీ పేరున్న పెద్ద పూలదండ వచ్చింది. శ్రావణ్ నా పక్కన నిలబడి నేల చూస్తూ మెల్లగా అన్నాడు. "ఈ దండకు కూడా క్యూఆర్ కోడ్ తిరిగింది." నాకు ఏడుపు ఆగిపోయింది. అంతకుముందు వరకు నాకు దుఃఖమే ఉంది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

మర్నాడు మెయిల్ వచ్చింది. శ్రావణ్ ఫోన్లో చూపించాడు. మా చిన్నాయన సేవలను కొనియాడి, కింద ఇలా రాశారు. 'ఆయన పట్ల గౌరవ సూచకంగా ఈ ఏడాది క్రిస్మస్ వేడుకను నిర్వహించడం లేదు.' గౌరవ సూచకంగా! నేను ఎంతో ఇష్టంగా నేర్చుకున్న మాటల్లో గౌరవం ఒకటి. ఒక మనిషి ఏళ్లపాటు అడిగి అడిగి సాధించిన అన్నాన్ని, అతని పేరు మీదే ఎత్తేయడానికి అది పనికొస్తుందని నాకు తెలియదు.

ఆ తర్వాత హెచ్ఆర్ మేడం పరామర్శకు వచ్చింది. భీమవరం వైపు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. చిన్నమ్మ ఆమెను చాప మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చి, నేరుగా అడిగింది.

"పండగ బంద్ పెట్టిండ్రట, నిజమేనా?"

"అవునండి. మీ ఇంట్లో ఇంత కష్టం వచ్చినప్పుడు మేం పార్టీ చేసుకుంటే ఏం బాగుంటుందండి? మీకు ఏటిసూతకం కదా. సంవత్సరీకం అయ్యేదాకా పండగలు చేయకూడదు కదండి. మేనేజ్‌మెంట్ కూడా అలాగే ఫీలయ్యారు."

చిన్నమ్మ ఆమెను వింతగా చూసింది. ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు ఆ ఇంట్లో పండగలుండవు. అది మా పద్ధతి. ఆ పద్ధతిని అద్దాల మేడ మొత్తానికి, అదీ మాది కాని పండగకు అంటగట్టడం ఆమె ఎక్కడా విని ఉండదు.

"సూతకం మాకమ్మా. మీకెట్లొచ్చె? ఆయన మీ కంపెనీకి కొడుకా, అల్లుడా?"

"అలా కాదండి, మనమంతా ఒక ఫ్యామిలీ..."

"ఫ్యామిలీ ఐతే మైల పట్టండ్రి. అందరు తానాలు చెయ్యండ్రి. గుండ్లు గీయించుకోండ్రి మీ సార్లు. గదైతే లేదు. ఒక్క అన్నం కాడికే సూతకం వచ్చిందా?"

మూలన కూర్చున్న మా నాన్న దగ్గు నటించి నవ్వు ఆపుకున్నాడు. మేడం మొహం ఎర్రబడింది. చిన్నమ్మ గొంతు తగ్గించింది.

"చూడు బిడ్డా, నిన్ను అనుడు కాదు. ఆయన బతికినంత కాలం అందరిని తినబెడదామనే తిరిగిండు. ఆయన పేరు మీద ఎవలను ఆకలితోని పంపకుండ్రి. నాకు గదొక్కటే కావాలె. మీ సార్లకు చెప్పు, నేను అడుగుతున్ననని."

"చెప్తానండి. కానీ మెయిల్ వెళ్లిపోయింది కదండి..."

వెళ్లిపోయిన మెయిల్‌ను వెనక్కి తెచ్చే శక్తి ఈ లోకంలో ఎవరికీ లేదన్నట్టు చెప్పింది. రెండు రోజులకు శ్రావణ్ ద్వారా జవాబు వచ్చింది. మార్చడం కుదరదు. కొత్త మేనేజర్ కూడా ఏమీ అనలేదు. ఉద్యోగులు సొంతంగా చేసుకుంటే అభ్యంతరం లేదు. అంటే మళ్లీ అట్టముక్క, మళ్లీ టాగు.

చిన్నమ్మ శ్రావణ్‌తో అంది. "ఐతే దినానికి అందరిని తీసుకరా. అందరు అంటే అందరు. గేటు కాడ నిలబడేటోళ్లు, బాత్రూములు కడిగేటోళ్లు, సార్లు. పండగ నేను చెయ్యొద్దు గని, ఆయన పేరు మీద అన్నం పెట్టొద్దని ఎవ్వలనలేదు."

ఈలోగా బంధువులు తీగ మీద ఆ ఎర్ర వేషం చూసి గొణిగారు. సావైన ఇంట్ల ఎర్రబట్టలేందని ఒకావిడ తీయబోయింది. "ముట్టకు, ఉండనీ. ఆయన ఆరేసిండు" అంది చిన్నమ్మ. ఎండకు ఎండి, మంచుకు తడిసి, మళ్లీ ఎండి అది అక్కడే ఉంది.

కర్మ చేసే రోజున ఇంటి కింద గల్లీలో షామియానా వేశారు. మటన్, బగారన్నం, పప్పుచారు వండించారు. అది పనిరోజు. ఎవరొస్తారులే అనుకున్నాను. మధ్యాహ్నానికి షేర్ ఆటోల్లో దిగారు. సుగుణక్క, ఆమెతో పనిచేసే ఆడవాళ్లు, యూనిఫాం మీదే వచ్చిన సెక్యూరిటీ వాళ్లు, మెడలో ఐడీ కార్డులతో శ్రావణ్ టీం. హెచ్ఆర్ మేడం సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. పై సార్లు రాలేదు.

అప్పుడు జరిగింది ఒకటి చెప్పాలి. షామియానా మొదట్లో భోజనాల బంతి సరిచేస్తున్న మా నాన్న ముందు ఒక ఉద్యోగి ఆగి, అలవాటుగా కుడిచెయ్యి చాచి మణికట్టు తిప్పి చూపించాడు. టాగు కట్టించుకోవడానికి.

మా నాన్నకు అర్థం కాలేదు. ఆ చేయి పట్టుకుని, "రా బిడ్డా, కూసో" అని లాక్కెళ్లి విస్తరి ముందు కూర్చోబెట్టాడు. ఆ ఉద్యోగి మొహం నేను చూడలేకపోయాను. ఒకప్పుడు సుగుణక్క టాగు అడిగిన మనిషి ఆయనే అని శ్రావణ్ తర్వాత చెప్పాడు. ఆయన పక్క విస్తరి సుగుణక్కదే.

తినడం అయ్యాక శ్రావణ్ చిన్నమ్మ దగ్గరికి ఒక కవరు తెచ్చాడు. "ఆంటీ, మేమంతా కలిసి కొంచెం..."

"లోపల పెట్టు. పిలిచింది నేను."

ఇదేదో కథ సుఖాంతమైనట్టు రాయడం నాకిష్టం లేదు. ఒక కంపెనీ పెట్టాల్సిన అన్నం, మొగుడు పోయిన ఒకావిడ పెట్టింది. పెట్టే శక్తి ఆమెకు ఎంతుందో నాకు తెలుసు. ఒక్క మధ్యాహ్నం కలిసి కూర్చోవడానికి అంతమందికి ఒక మనిషి చావు కావలసివచ్చింది. వచ్చే ఏడాది ఎవరైనా అడిగితే, పోయినేడాది చేయలేదు కదా అంటారట. శ్రావణ్ ఇప్పుడే చెప్తున్నాడు. ఆ అడగడం తానే చేస్తానంటున్నాడు. చేస్తాడని నమ్మాలనుంది. చిన్నాయన ఉంటే నమ్మేవాడు. ఆయనకు ఏటా దీపావళి కాగానే నమ్మకం మళ్లీ చిగురించేది. నాకు ఆ గుణం ఇంకా రాలేదు.

సాయంత్రం అందరూ వెళ్లిపోతున్నారు. సుగుణక్క చేయి కడుక్కుని గల్లీలో నిలబడి పైకి చూసింది. రెండో అంతస్తు బాల్కనీ తీగ మీద ఎర్రకోటు వేలాడుతోంది. పత్తి గడ్డం పక్కన క్లిప్పుతో పెట్టి ఉంది.

"సార్‌ది ఇంక తీయలేదా?" అంది.

స్టేషన్ వైపు నుంచి రైలు వెళ్లిన గాలి గల్లీలోకి వచ్చింది. షామియానా గుడ్డ లేచింది. తీగ మీది ఖాళీ కోటులోకి గాలి దూరి, పొట్ట దగ్గర మెల్లగా ఉబ్బింది. కడుపునిండా తిన్న మనిషిలా కాసేపు అలాగే నిలిచింది.